పప్పు ఉడకనప్పుడు ఎవరిని అడగాలి

నేను రిటైరయ్యానని చెబితే మా ఊళ్ళో చాలామంది నవ్వారు. "బడిలో అన్నం వండేదానికి రిటైరేందమ్మే?" అని మా వదిన కూడా అంది. ఆఫీసువాళ్ళ మాటా అదే. నాకు అరవై నిండాయని తెలియగానే ఫోన్ చేసి, రేపటినుంచి రావద్దన్నారు. శాలువా లేదు, పూలదండ లేదు. "మీది ఉద్యోగం కాదమ్మా, గౌరవ సేవ" అన్నారు. గౌరవం ఎక్కడుందో నాకైతే కనబడలేదు గానీ, సేవ మాత్రం పొద్దున ఎనిమిదికి మొదలై మధ్యాహ్నం మూడింటిదాకా సాగేది.

సరే, వాళ్ళు చెప్పకపోతే నేనే చెప్పుకుంటాను. నా పేరు నాగరత్నమ్మ. పావగడ తాలూకాలో సోలార్ పార్కు కంచెను ఆనుకుని ఉన్న ఒక ఊరి బడిలో పద్దెనిమిదేళ్ళు పెద్ద వంటమనిషిగా పనిచేశాను. పిల్లల మధ్యాహ్న భోజనాన్ని మా వైపు కన్నడ మాటతో బిసియూట అంటాం. రోజూ నూట ఇరవై మంది పిల్లలకు అన్నం, సాంబారు వండాను. డాక్టరు తప్పు చేస్తే ఒక్కడికి కడుపునొప్పి వస్తుంది, నేను తప్పు చేస్తే నూట ఇరవై మందికి. దీన్ని వృత్తి అనకపోతే ఇంక దేన్ని అంటారో నాకు తెలియదు. నేను పుట్టింది మడకశిర వైపు. పదో తరగతి దాకా తెలుగులోనే చదివాను, అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను.

ఇది నా తర్వాత వంటింట్లోకి వచ్చిన మంజుల కోసం. ఇంట్లో నలుగురికి వండుకునేవాళ్ళకు కూడా పనికొస్తుంది. నాకు తెలిసిన చిట్కాలన్నీ దాచుకోకుండా చెబుతాను. అయితే ఈ చిట్కాల నడుమ నరసక్క అనే ఒక మనిషి ఉంది. నా ఒక్క మాటతో ఆమె మంచిపేరు పోయింది. దాన్ని తిరిగి ఆమెకు అప్పజెప్పడమే నా ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని. అది సగం సగం చెప్పి తప్పించుకోను.

ముద్ద దగ్గర తొందర పనికిరాదు

ముందు రాగి ముద్ద. ఇది బడిలో వండింది కాదు, ఇంట్లో వండింది. కానీ వంట పనిలో నాకు ఓపిక నేర్పింది ఇదే.

నీళ్ళు తెర్లేటప్పుడు పిండిని నడుమ కుప్పగా పోయాలి. పోసిన వెంటనే కలిపేవాళ్ళే ఎక్కువ. కలిపితే ఉండలు కడతాయి. కలపొద్దు. తెడ్డు కర్రతో కుప్ప నడుమ ఒక బొక్క పెట్టి, మంట తగ్గించి వదిలెయ్యాలి. నీళ్ళు ఆ బొక్కలోంచి పైకి ఎగదన్ని పిండిని తామే ఉడికించుకుంటాయి. పచ్చి వాసన పోయి కమ్మటి వాసన వచ్చినాకే కర్ర పట్టాలి. అప్పుడు మాత్రం భుజం నొప్పి పుట్టినా ఆపకుండా గిన్నె అంచుకు నొక్కి నొక్కి తిప్పాలి. ఉడికిందో లేదో తెలియాలంటే వేలు తడి చేసి తాకాలి. వేలికి అంటుకోకపోతే అయినట్టే. అంటుకుంటే మూతపెట్టి ఇంకాసేపు ఆగాలి.

కోడలు ఫోన్లో చూసి అయిదు నిమిషాల ముద్ద చేసింది ఒకసారి. నేను తిన్నాను. రాత్రంతా నీళ్ళు తాగుతూ కూర్చున్నాను.

ఉప్పుకు మంత్రం లేదు

సాంబారు ఉప్పగా అయితే ఆలుగడ్డ వెయ్యమంటారు ఆ ఫోన్లోనే. ఆలుగడ్డ ఉప్పు మొత్తం తాగేస్తుందట. నేను వేసి చూశాను. సాంబారుతోపాటు ఆలుగడ్డ కూడా ఉప్పగా అయింది, అంతే. ఉప్పు పడ్డాక తీసే మంత్రం లేదు. ఉప్పు లేకుండా ఇంకో రెండు పిడికిళ్ళ పప్పు ఉడికించి అందులో కలపాలి, లేదా ఉడికిన సొరకాయ ముక్కలు కలపాలి. సాంబారు ఎక్కువవుతుంది. పక్కింటికి ఒక గిన్నె పంపితే సరి.

అడుగంటితే గరిటె పెట్టి గోకొద్దు. గోకితే మాడు వాసన అంతా పైకి వస్తుంది. పైపైన ఉన్నది మెల్లగా వేరే గిన్నెలోకి వంపుకుని, మాడిన అడుగును దాని ఖర్మకు వదిలెయ్యాలి. అరసికెరె వైపు నుంచి కొత్త చెనిక్కాయలు, అదే వేరుశెనగలు, వచ్చినప్పుడు చట్నీకి వేయిస్తారు కదా, సన్న మంట మీద వేయించి, పూర్తిగా వేగకముందే దించాలి. బాణలి వేడికి మిగతాది అదే వేగుతుంది. రోట్లో నూరేటప్పుడు నీళ్ళు ఆఖర్న పొయ్యాలి, అది కూడా చిలకరించినట్టు.

ఇక పప్పు. ఉప్పు, చింతపండు పప్పు మెత్తబడినాకే వెయ్యాలి. పులుపు ముందు పడితే పప్పు మొండికేస్తుంది. వండే ముందు కాసేపు నానబెట్టాలి, ఒక చుక్క నూనె, చిటికెడు పసుపు వెయ్యాలి. ఇవన్నీ మా అమ్మ చెప్పినవే, నేను ఏనాడూ తప్పలేదు. నా పప్పు గురించి పక్క ఊరి టీచర్లు కూడా మాట్లాడుకునేవాళ్ళు. దానికి నాకు కొంచెం పొగరు ఉండేది. కొంచెం ఏమిటి, బాగానే ఉండేది.

నేను అన్న ఒక్క మాట

సోలార్ పలకలు చేలల్లో వరుసలు వరుసలుగా లేస్తున్న రోజులవి. ఎండాకాలం బడి పాత బోరు ఎండిపోయింది. ఊరికి దగ్గర్లోనే కొత్త బోరు వేశారు. ఎంత లోతు పోయారో గానీ చివరికి నీళ్ళు పడ్డాయి. ఆరోజు ఊరు ఊరంతా అక్కడే ఉంది. కొబ్బరికాయ కొట్టారు, పిల్లలు ఆ నీళ్ళలో గెంతారు. నేను దోసిట్లో పట్టి కళ్ళకు అద్దుకున్నాను.

బడి తెరిచిన మొదటి వారంలోనే పప్పు ఉడకడం మానేసింది. గంట ఉడికించినా బద్ద బద్దగానే ఉండేది. పైన పసుపు నీళ్ళు, అడుగున గింజలు. పిల్లలు పప్పు ఏరి పళ్ళెం అంచున పెట్టేవాళ్ళు. నూట ఇరవై పళ్ళేల అంచున అలా పప్పు చూస్తే నాకు తల కొట్టేసినట్టు ఉండేది.

నా పక్కన పనిచేసేది నరసక్క. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, పుట్టిల్లు రాయచెర్లు. పప్పు నానబెట్టేది, కూరగాయలు తరిగేది, గిన్నెలు కడిగేది ఆమె. ఎంత అలిసినా పిల్లలందరూ తిని లేచినాకే తను తినేది.

ఒక మధ్యాహ్నం పిల్లలు వరుసలో కూర్చుని తింటుంటే హెడ్మాస్టరు ఒక పిల్లవాడి పళ్ళెంలో చెయ్యి పెట్టి, పప్పు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఇది వచ్చిన పప్పు కాదు. మంచి పప్పు ఎవరో ఇంటికి చేర్చి, పాత పప్పు పోసినారు. స్టోరు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటాది?" అన్నాడు, అందరికీ వినబడేట్టు.

నేను ఏమీ అనకుండా ఉండొచ్చు. తెలియదు సార్, చూద్దాం అనొచ్చు. కానీ పప్పు చెడిందంటే పేరు పోయేది నాదని భయపడ్డాను. "నరసక్క దగ్గర ఉంటాది సార్" అన్నాను.

ఒక్క మాట. అబద్ధం కూడా కాదు, తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. నరసక్క నా మొహం చూసింది. పిల్లలు ఆమె మొహం చూశారు. ఆమె నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి, పొయ్యి గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. మరుసటి రోజు నుంచి రాలేదు. ఊళ్ళో ఆమెను పప్పు దొంగ అన్నారు. బడి పిల్లల నోటి నుంచే ఆ మాట ఇంటింటికీ వెళ్ళింది.

ఇప్పుడు చెబుతాను, ఇది ఎందుకు జరిగిందో. మా తాలూకాలో పప్పు ఉడకకపోతే మొదట పప్పును అంటాం, తర్వాత వండినవాళ్ళను అంటాం. నీళ్ళను ఎవరూ అనరు. నీళ్ళు పడితే చాలు దేవుడా అని మొక్కుకునే సీమలో, పడ్డ నీళ్ళకు వంక పెట్టాలంటే నోరు రాదు. నేనూ కళ్ళకద్దుకున్నదాన్నే కదా.

సోడా వేసినన్నాళ్ళు

ఆమె పోయాక కూడా పప్పు ఉడకలేదు. ఆ సంచి అంతా ముందే మార్చేసి ఉంటుందిలే అన్నాడు హెడ్మాస్టరు. నేను తల ఊపి, వంటసోడా తెచ్చి వెయ్యడం మొదలుపెట్టాను.

మంజులా, సోడా వేస్తే పప్పు మెత్తబడుతుంది. అది నిజమే. కానీ రుచి చచ్చిపోతుంది, సబ్బు వాసన కొడుతుంది, జిగురు జిగురుగా అవుతుంది. పోపులో ఎంత ఇంగువ వేసినా ఆ వాసన దాగదు. అందరికీ శకునం చెప్పే బల్లి తనే కుడితిలో పడ్డట్టు, పది ఊళ్ళకు పప్పు గురించి పాఠాలు చెప్పినదాన్ని రెండు నెలలు పిల్లలకు సోడా నీళ్ళు పోశాను. నాలుగో తరగతి పాప ఒకతి, "రత్నవ్వా, నరసవ్వ ఉన్నెప్పుడు సాంబారు బాగుండె" అంది. ఆ పాపను కసిరి పంపించాను.

తర్వాత కొత్త సంచి వచ్చింది. కుట్టు నేనే విప్పాను, పప్పు నేనే కొలిచాను, నేనే నానబెట్టాను. సోడా వెయ్యకుండా వండాను. ఉడకలేదు.

ఇక నరసక్క మీద తోసేందుకు నా దగ్గర ఏమీ లేదు.

అద్దాలు కడిగే నీళ్ళు

నరసక్క అప్పటికి సోలార్ పార్కులో పనికి పోతోంది. పలకల కింద గడ్డి కొయ్యడం, పలకల మీద దుమ్ము కడగడం. మరుసటి రోజు పొద్దున్నే కంచె దగ్గరికి వెళ్ళాను. నారింజ రంగు జాకెట్ వేసుకుని, పొడుగు కర్రకు కట్టిన గుడ్డతో అద్దం తుడుస్తోంది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"ఏంటికొచ్చినావు?"

"పప్పు ఉడకలేదక్కా."

"నన్ను తరిమినాక కూడానా?"

నేను తల వంచుకున్నాను. క్షమించమని అడగాలని వెళ్ళినదాన్ని, కంచె పట్టుకుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. అద్దం తుడిచి, గుడ్డ పిండి, అప్పుడు నా దగ్గరికి వచ్చింది.

"ఆ కొత్త బోరు నీళ్ళేనా వాడతాండేది?"

"అవే."

"రత్నా, ఈడ పనికి చేరినాక నాకు తెలిసినాది. ఈ అద్దాలకు బోరు నీళ్ళు పొయ్యనీరు. పోస్తే తెల్ల మచ్చలు పడతాయంట. సున్నం ఉండాదంట ఆ నీళ్ళల్లో. అందుకే శుద్ధి చేసిన నీళ్ళు తెచ్చి కడిగిస్తారు." ఆమె పలకలను చేత్తో చూపించింది. "అద్దానికి పనికిరాని నీళ్ళు మన పిల్లోళ్ళ పప్పుకు పోస్తాండాము. నీ బోసి లోపల చూసుకోపో, తెల్లగా పెచ్చు కట్టిందా లేదా."

"నీకు తెలిసి ఇన్నాళ్ళు చెప్పలేదేంటికక్కా?"

"దొంగ మాట ఎవరు వింటారు?" అని మళ్ళీ కర్ర ఎత్తుకుంది.

రెండు బోసులు

బడికి వచ్చి, సాంబారు వండే పెద్ద గిన్నె, అదే బోసి, లోపల గోటితో గీకాను. సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచింది. రోజూ తోముతూనే ఉన్నాను, ఎప్పుడూ చూడలేదు. ఊళ్ళో నీళ్ళు శుద్ధిచేసి అమ్మే ఘటకం నుంచి ఒక క్యాను తెచ్చి పిడికెడు పప్పు ఉడికించాను. వెన్నలా ఉడికింది.

హెడ్మాస్టరుకు చెప్పాను. ఆయన నవ్వి, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుండాది రత్నమ్మా. ఊరంతా తాగే నీళ్ళకు వంక పెడతావా?" అన్నాడు. అయిపోయిన సంగతి తవ్వొద్దని, ఎక్కువ మాట్లాడితే నేను కూడా ఇంటికి పోవాల్సి వస్తుందని అన్నాడు.

ఆ మాటతో నాకు భయం పోయింది. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ భయంతోనే కదా నరసక్క బతుకు బజారున పెట్టాను, ఇంకా దాన్ని పట్టుకుని ఏం చెయ్యాలి?

స్కూలు కమిటీ కూడే రోజు బడి ముంగిట రాళ్ళు పెట్టి రెండు పొయ్యిలు వేశాను. రెండు చిన్న బోసులు. ఒకే సంచి పప్పు, ఒకే కొలత. ఒక దాంట్లో బోరు నీళ్ళు, ఇంకో దాంట్లో క్యాను నీళ్ళు. కమిటీ అధ్యక్షుడు ఓబులప్పనే చేత్తో పప్పు వెయ్యమన్నాను, నా చెయ్యి తగిలిందన్న మాట రాకూడదని.

"ఇది బడి, సర్కసు కాదు" అన్నాడు హెడ్మాస్టరు.

"సైన్సు చెప్పేది మీరే కదా సార్. కాసేపు కూసోని చూడండి" అన్నాను.

కూర్చున్నాడు. పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు. ముప్పావు గంట తర్వాత ఓబులప్ప రెండు గరిటెల పప్పు తీసి, చల్లారనిచ్చి, రెండు చేతులతో నలిపాడు. కుడి చేతిలోని క్యాను నీళ్ళ పప్పు గుజ్జయింది. ఎడమ చేతిది గింజ గింజగా రాలింది. ఆయన ఆ రెండు చేతులూ కమిటీవాళ్ళ ముందుకు చాపాడు.

"ఆయమ్మను ఉత్తపుణ్యానికి దొంగను చేసినామే అప్పా" అన్నాడు.

ఇకనుంచి వంటకు శుద్ధి నీళ్ళే తెప్పించాలని అప్పుడే తీర్మానం చేశారు. నరసక్కను మళ్ళీ పనికి పిలుద్దామన్నారు. హెడ్మాస్టరు మాత్రం గొంతు తగ్గించి, "గొడవ లేకుండా మెల్లగా పిలిపించండి" అన్నాడు. అనేటప్పుడు అరిచాడు, దిద్దుకునేటప్పుడు గుసగుసలాడాడు. పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ దగ్గర ఈ అలవాటు చాలాసార్లు చూశాను.

ఇంట్లో వండేవాళ్ళకు

గిన్నె లోపల తెల్ల పెచ్చు కడుతోందా, టీ రుచి లేకుండా ఉందా, పప్పు మొండిగా ఉందా, మూడూ ఒకటే జబ్బు. పప్పు నానబెట్టడం, ఉడికించడం రెండూ మంచి నీళ్ళతోనే చెయ్యాలి. అన్నిటికీ సరిపోకపోతే పప్పుకు మాత్రం దాచిపెట్టు, గిన్నెలు కడగడానికి బోరు నీళ్ళు చాలు. క్యాను దొరకని రోజు బోరు నీళ్ళనే ముందు బాగా కాచి, కదపకుండా చల్లార్చి, అడుగున పేరిన తెల్లది కదలకుండా పైన తేట వంపుకో. పూర్తిగా మారవు గానీ చాలావరకు నయం. వాన పడితే ఇంటి చూరు నీళ్ళు పట్టుకో. కొత్త బోరు వేసినప్పుడు అందరూ ఎన్ని అంగుళాల నీళ్ళు పడ్డాయని చూస్తారు. నువ్వు పిడికెడు పప్పు ఉడికించి చూడు. నిన్ను చూసి నవ్వుతారు, నవ్వనీ.

ఆఖరి పళ్ళెం

కమిటీ కబురు నేనే తీసుకెళ్ళాను. నరసక్క గడ్డి కట్ట దించి విన్నది.

"పనికి రానులే" అంది. "ఈడ అద్దాలు నన్ను ఏమీ అనవు. కానీ ఒక దినం వస్తా. యాడ అన్నారో ఆడ్నే చెప్పల్ల. అప్పుడు ఎవురెవురు విన్నారో వాళ్ళకే చెప్పల్ల."

న్యాయం అంతే. మరుసటి రోజు మధ్యాహ్నం పిల్లలు వరుసల్లో కూర్చున్నారు. నరసక్క జాకెట్ వేసుకునే వచ్చి గడప దగ్గర నిలబడింది. హెడ్మాస్టరుకు ఆరోజు పావగడలో ఏదో పని పడింది. పోనీలే, తాళంచెవి మాట అన్నది నేను.

గరిటె పక్కన పెట్టి పిల్లల ముందు నిలబడ్డాను. "పిల్లలూ, నరసవ్వ పప్పు దొంగతనం చెయ్యలేదు. నీళ్ళ తప్పు అది. ఆయమ్మ మీదికి తోసింది నేను. ఇంటికి పోయి మీ అమ్మోళ్ళకు చెప్పండి, రత్నవ్వే చెప్పిందని చెప్పండి" అన్నాను. తర్వాత ఆమె వైపు తిరిగి, చేతులు జోడించాను. ఇన్నేళ్ళలో అంత పెద్ద బోసి నేను ఎప్పుడూ మొయ్యలేదు.

నరసవ్వ ఉన్నప్పుడు సాంబారు బాగుండేదన్న ఆ నాలుగో తరగతి పాప పక్కకు జరిగి, "నరసవ్వా, ఈడ కూసో" అంది.

నరసక్క పిల్లల వరుసలో కూర్చుంది. నేను అన్నం పెట్టి సాంబారు పోశాను. పప్పు వేళ్ళతో నలిపి చూసి, కలుపుకుని, మెతుకు మిగల్చకుండా తిన్నది. పిల్లలతోపాటే లేచి పళ్ళెం కడిగి, బోర్లించి, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"పప్పు బాగా ఉడికిందమ్మే" అంది. "ఉప్పు వేసేది మరిచినావు."

రుచి చూశాను. నిజమే, ఒక్క రవ్వ ఉప్పు కూడా వెయ్యలేదు. నూట ఇరవై మంది పిల్లలూ ఆరోజు ఆ చప్పిడి సాంబారే తిన్నారు, ఒక్కరు కూడా పప్పు ఏరి అంచున పెట్టలేదు.